పసుపు మూల బేరంగు ఉత్తరం

మా వంశంలో ఎవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చోరు. తాతగారు కూర్చోలేదు, నాన్న కూర్చోలేదు, ఈ వయసులో నేనూ కూర్చోను.

తాతగారి తాతగారు భీమునిపట్నం రేవులో స్టీమర్లకు దుబాసీ. ఆ రోజుల్లో ఓడ ఒడ్డు దాకా వచ్చేది కాదు. దూరంగా లంగరు వేసి నిలబడేది. తపాలా సంచులు అలల మీద మసూలా పడవల్లో ఒడ్డుకు చేరేవి. ఆ పడవలు మావి. సంచి తడిస్తే మాట పడేది మేమే, కాబట్టి సంచి తడిసేది కాదు. తరువాత రైలు వచ్చింది. తపాలా రైలెక్కింది. స్టీమర్లు భీమిలి ముందు ఆగడం మానేశాయి. మేడ పోయింది, పడవలు పోయాయి, తాతగారు మలయాకు వచ్చి రబ్బరు తోటలో కిరాణిగా చేరారు. ఇక్కడ కిరాణి అంటే గుమాస్తా. మేము దిగజారలేదు, రేవు దిగజారింది. ఈ తేడా తాతగారు నాకు చాలాసార్లు చెప్పారు. నేనూ చెబుతున్నాను.

నేను చెప్పేది మలయాలో దొరల ప్రభుత్వానికీ అడవిలోని కమ్యూనిస్టులకూ పోరు నడిచిన ఎమర్జెన్సీ చివరి ఏళ్ళ మాట. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తుందని అందరూ అనుకుంటున్నారు గాని, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తాతగారు ఉద్యోగం మానేసి క్లాంగ్‌లో మాతోనే ఉండేవారు. కింద చైనావాళ్ళ సైకిళ్ళ దుకాణం, పైన మా అద్దె వాటా. నాన్న పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవులో గుమాస్తా. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పడానికి అప్పుడే కొత్తగా చేరాను. ఇల్లు నడిపేది మామ్మ.

తాతగారి దగ్గర ఒక కర్పూరచెక్క పెట్టె ఉండేది. మేడలోంచి ఆయన వెంట వచ్చినవి అదీ, దానిలోని పాత కవర్లూ, ఒక ఇత్తడి తక్కెడా. తక్కెడ రాళ్ళు ఎక్కడో పోయాయి. అందుకని ఆయన ఉత్తరాలను గురివింద గింజలతో తూచేవారు. ఎవరైనా ఉత్తరాన్ని అరచేతిలో పెట్టి బరువు అంచనా కడితే సహించేవారు కాదు.

సాయంకాలం కర్ఫ్యూ పెట్టినప్పుడు తలుపులు వేసుకుని కూర్చోవడం తప్ప పని ఉండేది కాదు. అప్పుడు పెట్టె తెరిచి నన్ను ప్రశ్నలు వేసేవారు. టీచరమ్మనైనా నాకు తప్పేది కాదు.

"భీమిలి నుంచి పినాంగుకు ఉత్తరం. స్టీమర్లు కొత్తగా వచ్చిన కాలం. ఎలా వెళ్తుంది?"

"పరుగున తపాలా మోసే రన్నర్ల చేతిలో మద్రాసు దాకా. అక్కడ ఓడ. సింహళంలో గాల్ రేవు దగ్గర ఓడ మారుతుంది."

"ఎందుకు మారాలి?"

"చైనాకు పోయే ఓడ గాల్ నుంచి చీలుతుంది. అది పినాంగులో ఆగుతుంది."

"పినాంగు నుంచి జవాబు వస్తే దాని మీద ఏ స్టాంపు?"

"ఇండియా స్టాంపే. అప్పుడు ఈ జలసంధి రేవులన్నీ కలకత్తా కింద ఉండేవి. విడిపోయాక అదే స్టాంపు మీద కిరీటం వేసి, సెంట్లని అచ్చు కొట్టారు."

ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. తరువాతి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"లండనుకు ఉత్తరం. రెండు దారులు. చెప్పు."

"ఫ్రాన్సు రేవు మార్సే మీదుగా అయితే రైల్లో త్వరగా వెళ్తుంది, ఖర్చు ఎక్కువ. అంతా ఓడలోనే సౌతాంప్టన్ మీదుగా అయితే చవక, ఆలస్యం. ఏ దారిలో పోవాలో పంపేవాడే కవరు మీద రాయాలి."

"మన పెద్దలు ఏది రాసేవారు?"

"మార్సే మీదుగా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

వంటింట్లోంచి మామ్మ గొంతు వినిపించేది. "అందుకే ఇలాగైపోనాం."

తాతగారు వినిపించనట్టు కూర్చునేవారు. ఒకరోజు మాత్రం ఆయనే రెచ్చగొట్టారు. "తరువాత దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. ఎక్కడికైనా ఒకటే రేటు అన్నాయి. గాల్ లేదు, మార్సే లేదు. ఏ ఉత్తరం ఏ దారిన వచ్చిందో అడిగేవాడు లేడు. ఉత్తరానికి గోత్రం పోయింది."

"పోతే పోనాది," అంది మామ్మ, చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి. "ఉత్తరం అందినాదా లేదా? అది సెప్పండి."

నాకు నవ్వొచ్చింది. తాతగారికి రాలేదు. ఎందుకంటే గోత్రం అన్న మాట ఆ ఇంట్లో అప్పటికే పచ్చి పుండు. మా చిన్నాన్న కువాలా సెలంగోర్ దగ్గర ఒక తోటలో కిరాణి. తండ్రి చేసిన ఉద్యోగమే. అక్కడ రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే కూలివాళ్ళ పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళూ మన వైపు వాళ్ళే, శ్రీకాకుళం దగ్గరివాళ్ళు. అయినా దుబాసీ వంశం వేరు, తోట కూలీల లైన్ల ఇళ్ళు వేరు అని తాతగారి లెక్క. పెళ్ళికి మాలో ఎవరూ వెళ్ళలేదు. ఆ రోజు తాతగారు మామ్మను ముందు కూర్చోబెట్టుకుని ఒకే మాట అన్నారు. "వాడి ఉత్తరం ఈ గడప దాటి లోపలికి రాకూడదు. ఇక్కడి నుంచి వాడికి ఉత్తరం వెళ్ళకూడదు."

మామ్మ సరే అంది. ఆమె సరే అంటే సరే.

అయితే తాతగారిది ఇంకొక మాట కూడా ఉంది, దీనికంటే పాతది. అది బేరంగు ఉత్తరాల గురించి. స్టాంపు లేకుండా వచ్చిన ఉత్తరాన్ని బేరంగు ఉత్తరం అంటారు. అందుకునేవాడు రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. కట్టనంటే ఉత్తరం పంపినవాడికే తిరిగి పోతుంది. భీమిలిలో దిక్కులేని బేరంగు ఉత్తరం ఎవరికొచ్చినా మా పెద్దలే డబ్బు కట్టి, మనిషిని పెట్టి, ఇంటికి పంపేవారట. అందుకని తాతగారు అనేవారు, "మన గుమ్మం దాకా వచ్చిన ఉత్తరం తిరిగి వెళ్ళకూడదు. అది మన పరువు."

ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పడవని ఆయనకు తట్టలేదు. మామ్మకు తట్టింది.

ఒకరోజు బడి పెందరాళే వదిలారు. ఇంటికి వచ్చేసరికి కింద మెట్ల దగ్గర పోస్టుమాన్ సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. నడివయసు తమిళుడు, మా వీధికి పాత మనిషి. అతని చేతిలో స్టాంపు లేని కవరు. ఎదురుగా మామ్మ. వంట మధ్యలో దిగి వచ్చినట్టుంది, కుడిచేతి వేళ్ళకు పసుపు. ఆమె కవరు అందుకుంది. చిరునామా రాసిన చేతిరాతను కాసేపు చూసింది. కళ్ళకద్దుకుంది. కవరు మూల మీద బొటనవేలు గట్టిగా ఒత్తింది. అక్కడ పచ్చటి ముద్ర పడింది. తిరిగి అతనికే ఇచ్చేసింది.

"వేండామ్," అంది, వద్దని.

"సరి ఆచ్చీ," అన్నాడతను, సరే అవ్వా అని, తరతరాలుగా జరిగే పనిలాగా. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"మామ్మా, అది చిన్నాన్న రాత కదా?"

"మెల్లగా. పైన వింటారు."

"ఎందుకు తిప్పి పంపేశావు? లోపల ఏం రాశాడో!"

"ఏటి రాస్తాడు? తెల్ల కాయితం." మెట్టు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "మా అమ్మగారి ఇంట్లో ఇదే పద్ధతమ్మీ. మా మేనమామ రంగం ఎల్లిపోనాడు, రంగూన్లో మిల్లు పనికి. బేరంగు కవరు పంపేవోడు, లోపల ఏటీ ఉండదు. కవరొచ్చినాదంటే ఆడు బాగున్నాడు. మా అమ్మ పసుపు చెయ్యి అద్ది ఎనక్కి పంపేది. పసుపుతో తిరిగొచ్చినాదంటే ఇంటికాడ అందరూ బాగున్నారు. ఒక కవరు, రెండు కబుర్లు. మీ దుబాసీలకి ఈ లెక్క తెలీదులే."

"పసుపు లేకుండా వస్తే?"

"ఏదో కీడన్నమాట. అస్సలు రాకపోతే," అని ఆగింది. "అస్సలు రాకపోవడం ఎప్పుడూ జరగలేదు."

మా మామ్మ పుట్టిల్లు సముద్రానికి దూరంగా లోపలి పల్లెలో, నాగావళి వైపు. అక్కడ బేరంగు తిప్పి పంపడం డబ్బు లేక మొదలైన అలవాటే అయి ఉండాలి. చిన్నాన్న చేసింది మాత్రం పొదుపు కాదు. తిరిగి వచ్చిన కవరుకు తపాలా వాళ్ళు అతని దగ్గరే రెట్టింపు వసూలు చేసేవారు. తోట తపాలా సంచి విప్పేది అతనే కాబట్టి, వెనక్కి వచ్చిన ఆ కవరు నేరుగా అతని చేతికే అందేది.

తాతగారి మాటల్లో ఒకటి ఆ గుమ్మంలో ప్రతిసారీ భంగమవుతోంది. రెండోది నిలబడే ఉంది. చిన్నాన్న ఉత్తరం గడప దాటలేదు. మా ఇంటి నుంచి అతనికి ఉత్తరం వెళ్ళనూ లేదు. వెళ్ళింది అతని ఉత్తరమే.

"తాతగారికి చెప్పకు," అంది మామ్మ. చెప్పలేదు.

బడి సెలవుల్లో బంటింగ్‌లో మామ్మ చెల్లెలి మనవరాలికి శ్రీమంతం అయింది. మామ్మా నేనూ వెళ్ళాం. వెంటనే వచ్చేద్దామని వెళ్ళినవాళ్ళం వానలకూ బస్సుల తనిఖీలకూ అక్కడే ఇరుక్కుపోయాం. తిరిగి వచ్చేసరికి తాతగారు కిటికీ దగ్గర చాలా సంతోషంగా ఉన్నారు. మేము కాళ్ళు కడుక్కునే దాకా కూడా ఆగలేదు.

"ఆ పోస్టుమాన్‌కు ఒక పాఠం చెప్పాను. మీరు లేనప్పుడు కింద గంట కొట్టాడు. నేనే దిగాను. బేరంగు ఉత్తరం. నేను చెయ్యి చాపితే వాడేమన్నాడో తెలుసా? 'వేండామ్ దానే అయ్యా,' అని వెనక్కి తిరగబోయాడు! వద్దు కదా అంటాడు నాతో! మన ఇంట్లో కట్టే స్తోమత లేదనుకున్నాడు. రెట్టింపు కట్టి, చిల్లర ఉంచుకోమన్నాను. ముఖం చూడాలి వాడిది."

మామ్మ చేతిలో సంచి అలాగే ఉంది. "ఆ ఉత్తరం ఏదండీ?"

"ఎవడో తెలివితక్కువవాడు. వెనక పేరు లేదు, పెట్టె నంబరొక్కటే, రాత ఎవరిదో ఈ కళ్ళకు ఆనలేదు. లోపల తెల్ల కాగితం మడిచి పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ చూశాను. దీపానికి ఎదురుగా పట్టి చూశాను. తూచాను కూడా. అర తులం లేదు."

కవరు తక్కెడ పక్కనే ఉంది. మామ్మ దాన్ని తీసుకోలేదు. చూసి, నేల మీద కూర్చుండిపోయింది.

"ఏ రోజొచ్చినాది?"

"మీరు వెళ్ళిన మర్నాడు. ఏం?"

"ఓలమ్మో. తిరిగి ఎల్లాల్సిన రోజు దాటిపోనాది."

ఇంక దాచడానికి లేదు. చెప్పేసింది. రంగూన్ మేనమామ, పసుపు, తెల్ల కాగితం, అన్నీ. తాతగారు నిలబడి విన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది, తరువాత తెల్లబడింది.

"ఎన్నాళ్ళుగా?"

"ఆడు పెళ్ళి సేసుకున్న కాడి నుంచి."

"నా గుమ్మం నుంచి ఉత్తరాలు తిప్పి పంపిస్తున్నావు. దుబాసీ ఇంటి కోడలివి!"

మామ్మ తలెత్తింది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. "మీ మాటే నిలబెట్టినాను. ఆడి ఉత్తరం గడప దాటకూడదన్నారు. దాటనిచ్చినానా? ఒక్కటి దాటనిచ్చినానా? ఇప్పుడు దాటించింది ఎవులు?"

తాతగారు తక్కెడ పక్కనున్న కవరు వైపు చూశారు.

"ఆడు నేను పోయాననుకుంటాడు," అంది మామ్మ, గొంతు తగ్గిపోయి. "కవరు రాలేదంటే బయల్దేరిపోతాడు. ఆ రోడ్డంట."

ఆ రోడ్డు ఎలాంటిదో మాకు తెలుసు. కొంతకాలం కింద ఆ తోట లారీ మీదే కాల్పులు జరిగాయి. సాయంకాలం అయితే కర్ఫ్యూ. బస్సు దొరక్కపోతే చిన్నాన్న సైకిలు మీద బయలుదేరే రకం. కర్ఫ్యూ వేళ రోడ్డు మీద కదిలే మనిషిని ఎవరు ముందు చూస్తే వాళ్ళు కాలుస్తారు.

"తంతి కొడదాం," అన్నాను.

ఇద్దరూ ఒకేసారి నన్ను చూశారు. "తంతి అంటే చావు కబురే," అన్నారు తాతగారు. "చదివే లోపే గుండె ఆగుతుంది." టెలిఫోను ఒక్క దొర బంగళాలోనే ఉంది. కిరాణిని పిలిపించి మాట్లాడించే దొర కాదు. ఉత్తరం రాస్తే అందే లోపు అతను రోడ్డెక్కుతాడు. నాన్నకు ఓడ పని, రేవు వదిలి రాలేడు.

తాతగారు కవరు తీసి, తెల్ల కాగితాన్ని పాత మడతల మీదే మడిచి లోపల పెట్టారు.

"పొద్దున్న మొదటి బస్సు. ఉత్తరం నేను తీసుకున్నాను. నేనే చేర్చాలి. సంచి తడిసింది మన చేతిలో."

పొద్దున్నే ఆయన తెల్ల కోటు, తలపాగా వేసుకున్నారు. కిరాణి ఉద్యోగం మానేశాక ఆ కోటు తొడగడం అదే మొదలు. గుమ్మంలో మామ్మ అడ్డు నిలబడింది. పసుపు గిన్నెలో బొటనవేలు ముంచి కవరు మూల మీద ఒత్తింది.

"దూరం నుంచి ఇది సూపించండి సాలు. మీరేటీ మాట్లాడక్కర్లేదు."

"నేను వాడితో మాట్లాడతానని ఎవరన్నారు?" అన్నారు తాతగారు.

నేను ఆయన వెంట వెళ్ళాను. మామ్మ నా చేతిలో ఒక టిఫిన్ డబ్బా పెట్టింది. బస్సుల్లో బియ్యమూ అన్నమూ తీసుకెళ్ళనివ్వరు, అడవిలో ఉన్నవాళ్ళకు చేరుతుందని, అని చెప్పాను. "అన్నం కాదు. అరిసెలు," అంది. అరిసెలు బియ్యంతోనే చేస్తారని సిపాయిలకు తెలియదని ఆమె ధీమా.

కాపార్ దాటి, ఇరువైపులా కొబ్బరి తోటలు వచ్చాక తనిఖీ. రోడ్డు మీద ముళ్ళతీగ చుట్టిన అడ్డుకర్ర. బస్సు ఆపి అందరినీ దింపారు. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఒక వరస. నా డబ్బా తెరిచారు. మలాయి సిపాయి ఒక అరిసె తీసి వాసన చూసి, కొరికి, నవ్వి, మిగిలినవి బల్ల మీద పెట్టేశాడు. అవి ఇంక మావి కావు.

తరువాత తాతగారి చేతిలో కవరు చూశాడు. "సురాత్ అపా?" అన్నాడు. ఏం ఉత్తరమని.

కవరు తెరిచి, కాగితం విప్పి, అటూ ఇటూ తిప్పి, ఎండకు పట్టి చూశాడు. మా తాతగారు చూసినట్టే. "కొసోంగ్-లా!" అన్నాడు ఆశ్చర్యంగా. ఖాళీ. ఇంకొక సిపాయిని పిలిచి చూపించాడు. ఖాళీ కాగితాన్ని ఇంత ముసలాయన కోటు వేసుకుని ఎక్కడికి మోసుకుపోతున్నాడని వాళ్ళ అనుమానం.

తాతగారు వీపు నిటారుగా పెట్టి, తోటల్లో నేర్చిన మలాయిలో మొదలుపెట్టారు. ఇది బేరంగు ఉత్తరమని, డబ్బు కట్టేశానని, తపాలా నియమం ప్రకారం లోపల ఏమీ లేకపోయినా ఉత్తరం ఉత్తరమేనని, పూర్వం గాల్ రేవులో కూడా ఇలాంటివి ఓడ మారేవని. సిపాయి రెండోసారి గాల్ అన్న మాట విన్నాక కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు. వరసలో నిలబడమని చూపుడువేలితో చూపించాడు.

అప్పుడు ఎదురు దిక్కు నుంచి క్లాంగ్ బస్సు వచ్చి అడ్డుకర్ర అవతల ఆగింది. దానిలోనివాళ్ళూ దిగారు. దిగినవాళ్ళలో మూడో మనిషి చిన్నాన్న.

చాలా కాలానికి చూస్తున్నాను. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు తప్పు రంధ్రాల్లో ఉన్నాయి. నన్ను చూడలేదు. తెల్ల కోటునూ తలపాగానూ చూశాడు. ఆ కోటు వేసుకుని, ఆ రోడ్డు మీద, తన వైపు వస్తున్న తండ్రిని చూశాడు. ఈ తండ్రి రావడానికి ఒక్క కారణమే ఉండాలని అతని ముఖం మీద కనిపించింది. బస్సు కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

తాతగారు కవరు పైకెత్తారు. పసుపు మూల అటువైపు తిప్పి, తలపాగా కంటే ఎత్తుకు ఎత్తి పట్టుకున్నారు, ఓడకు జెండా చూపించినట్టు.

చిన్నాన్న ఆ మూలను చూశాడు. రోడ్డు పక్కన గడ్డి మీద కూలబడిపోయి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు.

తాతగారు వరస వదిలి నడిచారు. సిపాయి కేకేశాడు. ఆయన ఆగలేదు. సిపాయి కూడా ఇంకో కేక వేయలేదు. అడ్డుకర్ర పక్కనుంచి దాటి, కొడుకు ముందు నిలబడ్డారు. మాట్లాడనన్నవారు మాట్లాడారు. ఇంట్లో ఆయన ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవారు. అక్కడ మాత్రం మామ్మ భాష వచ్చేసింది.

"ఏట్రా, స్టాంపు అంటించడానికి నాలిక లేదేటి నీకు?"

చిన్నాన్న వెక్కుతూనే నవ్వాడు. "అంటిస్తే ఎనక్కి రాదు గదా నాన్నా."

"అమ్మ బాగుంది. బంటింగ్ ఎల్లింది. తప్పు నాది కాదు," అన్నారు తాతగారు. ఒక క్షణం ఆగి, "ఉత్తరం నేను తీసుకున్నాను, అంతే," అన్నారు.

చిన్నాన్న క్లాంగ్ వచ్చి తల్లిని చూస్తానన్నాడు. కవరు కోసం చెయ్యి చాపాడు. తాతగారు ఇవ్వలేదు.

"దారి మధ్యలో ఇవ్వడం డెలివరీ కాదు. వెనక రాసిన చిరునామా దాకా చేర్చాలి."

చిన్నాన్న నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆ చిరునామాలో ఎవరున్నారో ముగ్గురికీ తెలుసు. ముగ్గురం కువాలా సెలంగోర్ బస్సెక్కాం.

తోట చుట్టూ కొత్తగా ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర మళ్ళీ తనిఖీ. కిరాణి ఇల్లు కర్ర స్తంభాల మీద చిన్న ఇల్లు. పిన్ని అరుగు మీదే నిలబడి ఉంది, భర్త వెళ్ళిన దారి వైపు చూస్తూ. నాకంటే ఏమంత పెద్దది కాదు. తాతగారు మెట్లెక్కి కవరు ఆమె ముందు పట్టుకున్నారు.

"ఇది మీ ఇంటిదమ్మా."

ఆమె రెండు చేతులతో అందుకుంది. పసుపు మూల చూసి కళ్ళకద్దుకుంది, అచ్చం మామ్మలాగా. ఆ పద్ధతి ఆమెకు మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆమె పుట్టిన లైన్ల ఇళ్ళలోనూ అదే ఉండి ఉంటుంది.

"అత్త బాగున్నాదన్నమాట. కూకోండి మావా, ఎండన పడి వచ్చినారు. టీ ఎట్టీమంటారా, కొబ్బరి బొండాం కొట్టీమంటారా?"

తాతగారు కూర్చున్నారు. వీపు ఆనించలేదు. కాని టీ రెండోసారి అడిగి తాగారు. కర్ఫ్యూకు ముందు క్లాంగ్ చేరే బస్సుకు లేచేటప్పుడు, ఆమె ఊరేదో, తాత పేరేదో అడిగారు. చెప్పింది. "భీమిలి రేవులోనే ఓడెక్కినారంట, నాగపట్నం పోయే ఓడ," అంది. తాతగారు తలపాగా సర్దుకున్నారు. "అయితే మా పడవలోనే ఎక్కి ఉంటారు," అన్నారు. ఆ మాటలో గొప్పే ఉంది. కాని గొప్పతో పాటు ఇంకొకటి కూడా ఉంది. మా పడవ ఎక్కినవాళ్ళు ఆయనకు పరాయివాళ్ళు కారు.

ఆ తరువాత చిన్నాన్న వచ్చేవాడు, పిన్నీ వచ్చేది. మనుషులు వస్తూ పోతూ ఉండగా కవర్ల అవసరం తగ్గింది. అయినా మామ్మ మానలేదు. అతనూ మానలేదు. పోస్టుమాన్ గంట మోగినప్పుడు తాతగారు మెట్ల వైపు చూడటం మానేశారు, అంతే.

మెర్డెకా వచ్చింది. ఊళ్ళో రోడ్ల నిండా జెండాలు, రంగు కాగితాలు. కొన్నాళ్ళకు కింద గంట మోగింది. ఈసారి పోస్టుమాన్ మెట్లెక్కి పైకే వచ్చాడు. చిన్నాన్న ఉత్తరం. దాని మీద కొత్త దేశం కొత్త స్టాంపు, నిటారుగా, అంచులు చెదరకుండా అంటించి ఉంది. లోపల మందంగా కాగితాలు. పిన్నికి నెల తప్పిందని రాశాడని తరువాత తెలిసింది. ఇంటి పేరుతో, తాతగారికి రాసిన మొదటి ఉత్తరం.

మామ్మ వంటింట్లోంచి వచ్చింది. రాత చూసింది. కళ్ళకద్దుకుంది. మూల మీద బొటనవేలు ఒత్తి పోస్టుమాన్‌కు తిరిగి ఇచ్చేసింది. "వేండామ్."

"ఆచ్చీ," అన్నాడతను నవ్వు ఆపుకుంటూ, "స్టాంప్ ఇరుక్కు."

తాతగారు కుర్చీలోంచి లేచారు. "స్టాంపు ఉంది! తీసుకోవాలి! నాకొచ్చిన ఉత్తరం తిప్పి పంపుతావా?"

"తీసుకుంటే నేను బాగున్నానని ఆడికెలా తెలుస్తాదండీ?" అంది మామ్మ. నిజంగానే అడిగింది. ఆమె ముఖంలో భయం ఉంది.

తాతగారు ఆమెను చూశారు. పోస్టుమాన్ దగ్గర ఉత్తరం తీసుకున్నారు. బల్ల దగ్గర కూర్చుని, విప్పకుండానే పక్కన పెట్టి, పలుచటి కాగితం ఒకటి ముందుకు లాక్కున్నారు. కొడుక్కి ఆయన అంతకుముందు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఏం రాయాలని మామ్మను అడిగారు. బాగున్నానని రాయమంది. అదొక్కటే రాశారు. గురివింద గింజలతో తూచారు. ఒక్క పలుచటి కాగితానికి మామూలు స్టాంపే చాలని తెలిసి కూడా తూచారు.

కవరు మీద చిరునామా రాశాక, పై ఎడమ మూలన, మా పెద్దలు మార్సే అని రాసిన చోట, దారి రాశారు. కాపార్ మీదుగా, జెరామ్ మీదుగా. కుడి మూలన స్టాంపు అంటించారు. కింది మూల ఒకటి ఖాళీగా ఉంచి, కవరు మామ్మ వైపు జరిపారు.